వీడియో గేములు – నిందలు, నిజాలు

గత సర్వసభ్య సమావేశంలో మన సభ్యులొకరు లేచి, పిల్లలను హింసకూ అశ్లీలానికీ అలవాటు చేస్తున్న వీడియో గేములను ప్రభుత్వం పూర్తిగా నిషేధించాలని ఒక తీర్మానం ప్రతిపాదించిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. చప్పట్లు గట్టిగానే మోగాయి. ముసాయిదా వ్రాసే పని నాకు అప్పగించారు. ఖజానా శాఖలో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసి, అందులో సగం కాలం ఆడిట్ అభ్యంతరాలకు సమాధానాలు వ్రాసిన చెయ్యి కాబట్టి నాకైతే తేలికనుకున్నారు. చప్పట్లు కొట్టినవారిలో నేనూ ఉన్నాను. పైగా ఈ విషయంలో నాకు స్వానుభవం ఉందని కూడా అనుకున్నాను.

కానీ ముసాయిదా వ్రాయలేకపోయాను. ఎందుకు వ్రాయలేకపోయానో చెప్పుకోవడానికే ఈ వ్యాసం. కార్యదర్శి గారు ప్రత్యేక సంచికలో చోటిచ్చినందుకు కృతజ్ఞుణ్ణి.

మా ఇంటి సంగతి

మా మనవడు తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. కిందటేడు బడులు తెరిచిన రెండు నెలలకు వాడు తోటి పిల్లవాణ్ణి కొట్టాడనీ, ఆ పిల్లవాడి పెదవి చిట్లిందనీ బడి నుంచి కబురు వచ్చింది. మా అబ్బాయి ఊళ్ళో లేడు. నేనే వెళ్ళి, క్షమాపణ చెప్పి, వాణ్ణి వెంటబెట్టుకుని వచ్చాను. దారిలోనే మనసులో తీర్పు వ్రాసేసుకున్నాను. వేసవి సెలవులంతా వాడు ఫోనులో తుపాకులు పేల్చుకునే ఆట ఆడేవాడు. వేరే కారణం వెతకనక్కరలేదనుకున్నాను.

ఇంటికి రాగానే ఫోను లాక్కుని, పెన్షన్ కాగితాలూ ఇంటి దస్తావేజులూ పెట్టుకునే బీరువాలో పెట్టి తాళం వేశాను. మా వాడికి మాట కాస్త తడబడుతుంది. భయపడితే మరీను. "తాతయ్యా, అది... అది కాదు" అని ఏదో చెప్పబోయాడు. "నోరు ముయ్" అన్నాను. మా కోడలు, "మామయ్య గారూ, వాడు చెప్పేది ఒకసారి విందామండీ" అంది. నేను వినిపించుకోలేదు.

ఆ రాత్రి హైదరాబాదులో ఉండే మా తమ్ముడికి ఫోను చేసి, నేను చేసిన పని కాస్త గొప్పగానే చెప్పాను. వాడు కాసేపు మాట్లాడలేదు. తరువాత, "అన్నయ్యా, మళ్ళీ పొయ్యి రాజేశావా?" అన్నాడు.

ఆ మాట వెనుక ఒక కథ ఉంది. 1966లో నాకు పదహారేళ్ళు, వాడికి పన్నెండు. వాడికి డిటెక్టివ్ నవలల పిచ్చి. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్ నవలలు అద్దెకు తెచ్చి, లెక్కల పుస్తకం మధ్య పెట్టుకుని చదివేవాడు. ఒకరోజు నాన్నగారి చొక్కా జేబులోంచి అర్ధరూపాయి పోయింది. ఈ నేర కథలు చదివే వీడికి దొంగబుద్ధి పుట్టిందని పెద్దన్నగా నేను తేల్చేశాను. అయిదు నవలలు నీళ్ళకాగు కింద పొయ్యిలో పెట్టాను. మర్నాడు అమ్మ గది ఊడుస్తుంటే ఆ అర్ధరూపాయి ట్రంకు పెట్టె కింద దొరికింది. అద్దె పుస్తకాల కొట్టుకు నాన్నగారు డబ్బు కట్టవలసి వచ్చింది. నేరాలు నేర్పుతాయన్న నవలలు చదివిన ఆ తమ్ముడు, ఒక్క మచ్చ లేకుండా బ్యాంకులో మేనేజరుగా పదవీ విరమణ చేశాడు.

వాడి మాట నన్ను నిద్ర పోనివ్వలేదు. ముసాయిదా పని పడ్డాక, ఈ నిందల చరిత్ర ఏమిటో చూద్దామని కూర్చున్నాను.

ఆటలు పుట్టకముందే

చూడగా తెలిసిందేమంటే, ముద్దాయి మారుతూ వచ్చాడు గాని అభియోగ పత్రం మాత్రం ఒక్కటే. మన తెలుగు ముచ్చటతోనే మొదలుపెడతాను. పద్దెనిమిదో శతాబ్దిలో తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానంలో ఉన్న ముద్దుపళని 'రాధికాసాంత్వనము' అనే శృంగార కావ్యం వ్రాసింది. కందుకూరి వీరేశలింగం పంతులు గారికి అందులోని శృంగారం రుచించలేదు. బెంగుళూరు నాగరత్నమ్మ గారు 1910లో ఆ కావ్యాన్ని పూర్తిగా పరిష్కరించి వావిళ్ళ వారి ద్వారా అచ్చువేయించారు. జనాన్ని చెడగొడుతుందని ఫిర్యాదులు వెళ్ళాయి. 1911లో ఆంగ్ల ప్రభుత్వం ప్రతులను స్వాధీనం చేసుకుని నిషేధం విధించింది. టంగుటూరి ప్రకాశం పంతులు గారి హయాములో, 1947లో గాని ఆ నిషేధం తొలగలేదు. 1952లో పుస్తకం మళ్ళీ అచ్చయింది. ఆ నిషేధ కాలంలో తెలుగువారి శీలం పెరిగిందని గాని, తరువాత తరిగిందని గాని ఎవరూ లెక్క చూపలేదు.

అమెరికాలో ఆ వంతు బొమ్మల కథల పుస్తకాలకు, అంటే కామిక్స్‌కు వచ్చింది. 1948లో న్యూయార్కు రాష్ట్రంలోని బింగ్‌హామ్‌టన్ పట్టణంలో బడిపిల్లల చేతనే ఆ పుస్తకాలను కుప్పపోయించి తగలబెట్టించారు. 1954లో ఫ్రెడరిక్ వెర్తమ్ అనే మానసిక వైద్యుడు 'సెడక్షన్ ఆఫ్ ది ఇన్నొసెంట్' అనే పుస్తకం వ్రాసి, బాలనేరాలకు ఈ బొమ్మల కథలే కారణమన్నాడు. ఆ సంవత్సరమే అమెరికా సెనేట్ ఉపసంఘం బహిరంగ విచారణ జరిపింది. భయపడిన ప్రచురణకర్తలు తామే ఒక నియమావళి పెట్టుకున్నారు. ఎన్నో పత్రికలు మూతపడ్డాయి.

ఇందులో ఆడిట్ శాఖ వారికి నచ్చే ముక్క ఒకటుంది. వెర్తమ్ కాగితాలు అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయంలో భద్రపరచి ఉన్నాయి. 2010లో వాటిని పరిశోధకులకు తెరిచారు. కెరోల్ టిల్లీ అనే ఆచార్యురాలు వాటిని పుస్తకంతో సరిపోల్చి చూసి, పిల్లలు చెప్పిన మాటలను ఆయన మార్చాడనీ, కలిపాడనీ, తనకు పనికిరాని భాగాలు వదిలేశాడనీ 2012లో బయటపెట్టారు. అంటే ఓచర్లు దిద్దినవన్నమాట. అప్పటికి ఆ పుస్తకం వచ్చి 58 ఏళ్ళు.

తొలి అభియోగాలు

వీడియో గేము మీద మొదటి పెద్ద గొడవ 1976లో వచ్చింది. కాలిఫోర్నియాలోని ఎక్సిడీ అనే కంపెనీ 'డెత్ రేస్' అనే ఆట విడుదల చేసింది. నాణెం వేసి, స్టీరింగు పట్టుకుని, తెర మీద పరుగెత్తే బొమ్మలను కారుతో గుద్దాలి. గుద్దితే ఒక కేక వినిపించి, అక్కడ సమాధి శిలువ నిలుస్తుంది. అవి మనుషులు కావు, పిశాచాలని కంపెనీ వాదన. నలుపు తెలుపు తెర మీద అగ్గిపుల్లల్లాంటి ఆ బొమ్మలను ఇప్పుడు చూస్తే నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం అమెరికాలోని నేషనల్ సేఫ్టీ కౌన్సిల్ వారే ఖండించారు. గొడవ పెరిగినకొద్దీ యంత్రాలకు గిరాకీ పెరిగింది. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

1981 నవంబరులో ఫిలిప్పీన్స్ అధ్యక్షుడు మార్కోస్ దేశమంతటా ఈ యంత్రాలను నిషేధించాడు. రెండు వారాల్లో వాటిని పగలగొట్టాలి, లేదా అధికారులకు అప్పగించాలి. అప్పటికి ఆయన ఆ దేశంలో ఎన్నో ఏళ్ళు సైనిక శాసనం నడిపిన మనిషి. పిల్లలను హింస నుంచి కాపాడతానని ముందుకొచ్చినవాడు అతడు!

1982 నవంబరులో అమెరికా సర్జన్ జనరల్ డాక్టర్ కూప్ గారు, ఈ ఆటలు పిల్లల ప్రవర్తనను పాడుచేస్తున్నాయని పిట్స్‌బర్గ్‌లో ఒక సభలో అన్నారు. పత్రికలన్నీ ప్రచురించాయి. ఆ వెంటనే ఆయనే, అది తన సొంత అభిప్రాయమనీ, శాస్త్రీయమైన ఆధారాల మీద చెప్పినది కాదనీ వివరణ ఇచ్చారు. పెద్దమనిషి కాబట్టి ఒప్పుకున్నారు. అయితే మొదటి మాట వెళ్ళినంత దూరం సవరణ వెళ్ళదు కదా.

సెనేట్ ముందు సెగా, నింటెండో

1993 డిసెంబరు 9న అమెరికా సెనేటర్లు జోసెఫ్ లీబర్‌మన్, హెర్బ్ కోల్ ఈ ఆటల మీద విచారణ జరిపారు. లీబర్‌మన్ గారి కార్యాలయ ముఖ్యాధికారి కొడుకు 'మోర్టల్ కోంబాట్' ఆట కొనిపెట్టమని అడగడంతో ఈ విషయం ఆయన దృష్టికి వచ్చింది. ఇద్దరు వీరులు కొట్టుకునే ఆట అది. గెలిచినవాడు ఓడినవాడి గుండెను పెరికేయవచ్చు, తల తెంపవచ్చు. ఇళ్ళలో ఆడుకునేందుకు అది ఆ సెప్టెంబరులోనే విడుదలైంది. నింటెండో కంపెనీ తమ యంత్రంలో రక్తాన్ని బూడిదరంగు చెమటగా మార్చింది. సెగా కంపెనీ యంత్రంలో ఒక రహస్య సంకేతం నొక్కితే రక్తం వచ్చేది. ఎక్కువ అమ్ముడుపోయింది రక్తం వచ్చేదే. విచారణలో ఆ రెండు కంపెనీల ప్రతినిధులూ ఒకరినొకరు దెప్పిపొడుచుకోవడం చూస్తే, అక్కడి బాధ పిల్లల గురించి కాదు, వాటా గురించి అని అర్థమవుతుంది.

రెండో ముద్దాయి 'నైట్ ట్రాప్'. ఆడపిల్లల మీద అఘాయిత్యాలు చూపించే ఆటగా దాన్ని ఎండగట్టారు. నిజానికి అందులో ఆడేవాడి పని ఆ ఆడపిల్లలను దుండగుల నుంచి కాపాడటం. ఆ దృశ్యాలు 1987లోనే చిత్రించినవి. అయినా పెద్ద బొమ్మల దుకాణాలు ఆ నెలలోనే దాన్ని అరల నుంచి తీసేశాయి.

ఆ విచారణ ఫలితంగా ఒక మంచి పని జరిగింది. ప్రభుత్వం చట్టం చేస్తుందన్న భయంతో ఆటల కంపెనీలే 1994లో ఒక వర్గీకరణ సంస్థను పెట్టుకున్నాయి. మన సినిమాలకు యు, ఎ సర్టిఫికెట్లున్నట్లే ఆ డబ్బాల మీద ఏ వయసుకు తగినదో అక్షరం వేయడం మొదలైంది. 'ఎం' అంటే పదిహేడేళ్ళు నిండినవారికి. అక్షరం వేసినంత మాత్రాన ఏమవుతుందని మనం అనుకోవచ్చు. అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పదమూడు నుంచి పదహారేళ్ళ పిల్లలను దుకాణాలకు పంపి పరీక్షించింది. 2000లో నూటికి 85 మంది 'ఎం' ఆటను కొనగలిగారు. 2011 నివేదిక నాటికి నూటికి 13 మంది మాత్రమే. నిషేధం లేకుండానే సాధించిన లెక్క ఇది.

కొలంబైన్ తరువాత

1999 ఏప్రిల్ 20న కొలరాడో రాష్ట్రంలోని కొలంబైన్ హైస్కూలులో ఇద్దరు విద్యార్థులు తుపాకులతో కాల్పులు జరిపి, చివరకు తామూ కాల్చుకుని చనిపోయారు. ఆ రోజే 12 మంది విద్యార్థులు, ఒక ఉపాధ్యాయుడు మరణించారు. హంతకులిద్దరూ 'డూమ్' అనే తుపాకుల ఆట ఆడేవారని తెలియగానే ప్రపంచమంతా ఆ ఆట వైపు వేలు చూపింది. బాధిత కుటుంబాలలో కొందరు ఆటల కంపెనీల మీద దావా వేశారు. 2002లో న్యాయస్థానం దాన్ని కొట్టివేసింది. బిడ్డను పోగొట్టుకున్నవారు ఏదో ఒక కారణం పట్టుకోవడాన్ని నేను తప్పు పట్టను.

అమెరికా సీక్రెట్ సర్వీస్, విద్యాశాఖ కలిసి అలాంటి 37 బడి దాడులను, 41 మంది దుండగులను పరిశీలించి 2002లో నివేదిక ఇచ్చాయి. నేను చదివిన వాటన్నిటిలో నా కళ్ళు తెరిపించినది ఇదే. హింస ఉన్న వీడియో గేముల మీద ఆసక్తి చూపినవారు నూటికి 12 మంది. హింస ఉన్న సినిమాల మీద 27 మంది. పుస్తకాల మీద 24 మంది. తాము స్వయంగా వ్రాసుకున్న వ్రాతల్లో హింసను వెళ్ళగక్కినవారు 37 మంది. ఇక అసలు లెక్క చూడండి. తోటివారి చేతిలో వేధింపులకు, అవమానాలకు, దాడులకు గురయ్యామని భావించినవారు నూటికి 71 మంది. తుపాకి తమ ఇంట్లోంచో బంధువుల ఇంట్లోంచో తెచ్చుకున్నవారు నూటికి 68 మంది. నూటికి 81 దాడుల్లో, ఆ పిల్లవాడు ఏదో చేయబోతున్నాడని కనీసం ఒక్కరికైనా ముందే తెలుసు.

జపాన్ పిల్లలు, దక్షిణ కొరియా పిల్లలు అమెరికా పిల్లలకేమీ తీసిపోకుండా ఈ ఆటలు ఆడతారు. అక్కడ తుపాకి చావులు అతి స్వల్పం. అమెరికాలోనే 1991లో లక్ష జనాభాకు 9.8 హత్యలు జరిగితే 2014లో 4.4 జరిగాయి. ఆటలు ఇంటింటికీ చేరిన కాలం సరిగ్గా అదే. ఆటల వల్లే హత్యలు తగ్గాయని నేననడం లేదు. అలా అంటే నేనూ వెర్తమ్‌నే అవుతాను. ఆటలు హంతకులను తయారు చేస్తున్నాయన్న పద్దుకు మాత్రం ఈ లెక్కల్లో ఓచరు దొరకలేదు.

శాస్త్రజ్ఞులు ఏమంటారంటే, హింసాత్మక ఆటకూ, చిరాకు పడటం, కేకలు వేయడం వంటి దుడుకుతనానికీ కొద్దిపాటి సంబంధం ఉందని అమెరికా మనస్తత్వ శాస్త్ర సంఘం ఒప్పుకుంది. హత్యలు, దాడుల వంటి నిజమైన హింసను ఆటలకు ముడిపెట్టడానికి తగిన ఆధారం లేదని అదే సంఘం 2020లో మళ్ళీ స్పష్టం చేసింది. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2019లో వెయ్యిమందికి పైగా బ్రిటిష్ పిల్లలను పరిశీలించి, ఆ కొద్దిపాటి సంబంధం కూడా కనిపించలేదన్నారు.

అశ్లీలం సంగతి వేరు

ఇంతవరకు చదివి, ఈయన ఆటల కంపెనీల వకాల్తా పుచ్చుకున్నాడని అనుకోకండి. హింస అభియోగం నిలవలేదు గాని, అశ్లీలం అభియోగంలో కొందరు తయారీదారులు నిజంగా దోషులే.

1982లో 'కస్టర్స్ రివెంజ్' అనే ఆట వచ్చింది. చరిత్రలో అమెరికా ఆదివాసులతో యుద్ధం చేసి చనిపోయిన సైనికాధికారి పేరు పెట్టుకుని, ఒక ఆదివాసి స్త్రీని కట్టేసి ఆమె మీద అత్యాచారం చేయడమే ఆటగా పెట్టారు. మహిళా సంఘాలు, ఆదివాసులు న్యూయార్కులో ప్రదర్శనలు చేశారు. ఎవరి యంత్రం మీద ఆ ఆట నడుస్తుందో ఆ అటారీ కంపెనీయే కోర్టుకెక్కింది. ఆ ఆట చూసి ఎవరో నేరం చేశారా అని అడగనక్కరలేదు. ఒక జాతినీ, స్త్రీ మానాన్నీ అవమానించి అమ్ముకోవడమే తప్పు. దానికి వేరే సాక్ష్యం అక్కరలేదు. గొడవే అమ్మకానికి పెట్టుబడి అని ఆరేళ్ళ క్రితం 'డెత్ రేస్' నేర్పిన పాఠాన్ని ఈ వ్యాపారులు బాగా ఒంటబట్టించుకున్నారు.

2004లో వచ్చిన 'గ్రాండ్ థెఫ్ట్ ఆటో – శాన్ ఆండ్రియాస్' సంగతి మరోరకం. తయారుచేసినవారు ఒక శృంగార దృశ్యాన్ని ఆటలో కనబడకుండా మూసి, డిస్కులో మాత్రం వదిలేశారు. 2005లో నెదర్లాండ్స్ యువకుడొకడు దాన్ని తెరిచే దారి అందరికీ చూపాడు. మొదట కంపెనీ, అది బయటివారి పనేనని బుకాయించింది. తరువాత నిజం ఒప్పుకోక తప్పలేదు. జులైలో ఆ ఆటను పెద్దలకు మాత్రమేనన్న వర్గంలోకి మార్చారు. దర్యాప్తు జరపాలని అమెరికా ప్రతినిధుల సభ 355–21 ఓట్లతో తీర్మానించింది.

అప్పుడు కోర్టుకు వెళ్ళినవారిలో న్యూయార్కుకు చెందిన 85 ఏళ్ళ బామ్మగారు ఒకరు. తన పద్నాలుగేళ్ళ మనవడికి ఈ ఆట కొనిపెట్టానని, కంపెనీ తనను మోసం చేసిందని ఆవిడ దావా. కంపెనీ మోసం చేసిన మాట నిజమే. కానీ డబ్బా మీద పదిహేడేళ్ళు నిండినవారికని ముందునుంచీ ఉంది. దొంగతనాలు, హత్యలు చేసే ఆటను పద్నాలుగేళ్ళవాడికి కొనిపెట్టినప్పుడు ఆవిడ ఆ అక్షరం చూడలేదు. ఆవిడను తప్పు పట్టే అర్హత నాకు లేదు. మా మనవడు ఆడే ఆట ఏ వయసు వారిదో నేనూ ఎన్నడూ చూడలేదు.

2011 జూన్ 27న అమెరికా సుప్రీంకోర్టు, హింసాత్మక ఆటలను పిల్లలకు అమ్మరాదన్న కాలిఫోర్నియా చట్టాన్ని 7–2 తేడాతో కొట్టివేసింది. పిల్లలకు మనం చెప్పే పాత కథల్లో హింస లేదా అని తీర్పు వ్రాసిన జస్టిస్ స్కేలియా అడిగారు. విభేదించిన జస్టిస్ బ్రేయర్ అడిగిన ప్రశ్న కూడా ఆలోచించదగ్గదే. ఒక నగ్న చిత్రమున్న పత్రికను పదమూడేళ్ళవాడికి అమ్మకుండా చట్టం ఆపగలదు గాని, స్త్రీని కట్టేసి హింసించి చంపే ఆటను అమ్మకుండా ఆపలేకపోవడం ఏమి న్యాయమని ఆయన ప్రశ్న. దానికి నాకూ సమాధానం తెలియలేదు. చట్టం చేయలేని పని ఇంట్లో పెద్దవాళ్ళు చేయాలని మాత్రం అర్థమయింది.

మన దేశంలో

మన దగ్గర ఈ గొడవ 'పబ్‌జీ'తో వచ్చింది. 2019 మార్చిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్ పోలీసులు ఆ ఆటను నిషేధించి, ఆడుతున్న కొందరు విద్యార్థులను అరెస్టు కూడా చేశారు. ఆట ఆడినందుకు కుర్రవాళ్ళను స్టేషనుకు తీసుకెళ్ళడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం కాక మరేమిటి? 2020 సెప్టెంబరు 2న కేంద్ర ప్రభుత్వం నిలిపివేసిన 118 యాప్‌లలో పబ్‌జీ ఒకటి. పిల్లల హింస గురించే నిషేధించారని మనలో చాలామంది అనుకున్నాం. ప్రభుత్వం చెప్పిన కారణాలు దేశ సార్వభౌమత్వం, రక్షణ, ప్రజల సమాచార భద్రత. 2021లో అదే ఆట మరో పేరుతో తిరిగి వచ్చింది. పద్దెనిమిదేళ్ళ లోపు వారికి రోజుకు మూడు గంటల పరిమితి పెట్టారు. రక్తం రంగు ఆకుపచ్చ చేశారు. 1993 నాటి బూడిదరంగు చెమట గుర్తొచ్చి నవ్వుకున్నాను.

నిజంగా లెక్కకు అందే నష్టం డబ్బు పందేల ఆటలతో వచ్చింది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో వాటి మీద చట్ట సవరణలు చేశాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధిస్తూ చట్టం చేసింది. అలాగే, నిద్ర, చదువు, తిండి మాని ఆటకు బానిస కావడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో రుగ్మతల జాబితాలో చేర్చింది. 2022 నుంచి ఆ జాబితా అమలులోకి వచ్చింది. డబ్బు, నిద్ర, కాలం – ఈ మూడు పద్దుల్లో నష్టానికి ఓచర్లున్నాయి. మనం మాత్రం వాటిని వదిలి తుపాకుల బొమ్మల వెంట పడుతున్నాం.

బీరువా తాళం

ఇక మా ఇంటి కథ ముగించాలి. ఫోను బీరువాలో పెట్టిన పంతొమ్మిదో రోజున, పిల్లలను బడికి తీసుకెళ్ళే ఆటో అబ్బాయి నెల డబ్బులకు వచ్చాడు. డబ్బు లెక్కపెట్టుకుని, వెళ్ళబోతూ ఆగి, "సార్, మీరేమీ అనుకోకండి. మీ బాబు కొట్టడం తప్పే. కానీ రెండు నెలలుగా ఆ పిల్లాడు రోజూ ఆటోలో మీ బాబు మాట వెక్కిరిస్తున్నాడు. నత్తి నత్తి అని పాట కట్టి అందరిచేతా పాడించేవాడు. నేను చెప్పినా ఆగలేదు. మీకు చెబుదామనుకుని నేనే తాత్సారం చేశాను" అన్నాడు.

నూటికి 71 మంది అన్న లెక్క నేను ఆ తరువాత చదివాను. కానీ ఆ లెక్క మా గుమ్మంలో ముందే వచ్చి నిలబడింది. రెండు నెలలు ఓర్చుకున్న పిల్లవాడు, తడబడే మాటతో నాకు చెప్పుకోబోయాడు. బడిలో వాడి మాటను వెక్కిరించారు. ఇంట్లో నేను ఆ మాటే నొక్కేశాను. 1966లో నవలలను, ఇప్పుడు ఫోనును ముద్దాయిని చేసి, నేను చేయవలసిన విచారణ తప్పించుకున్నాను. అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఇదే.

ఆ సాయంత్రమే తాళం తీసి ఫోను వాడి చేతిలో పెట్టి, "నాదే పొరపాటురా" అన్నాను. వాడేమీ అనలేదు. రెండు రోజులు నాతో ముక్తసరిగానే ఉన్నాడు. మా కోడలు బడికి వెళ్ళి ఉపాధ్యాయులతో మాట్లాడింది. మాట తడబాటుకు వైద్యం చేసే నిపుణురాలి దగ్గరకు ఇప్పుడు వారానికి ఒకరోజు నేనే తీసుకెళ్తున్నాను.

మూడో రోజు వాడి పక్కన కూర్చుని, ఆ ఆట ఏమిటో చూపించరా అన్నాను. వాడు కాస్త అనుమానంగా చూసి, ఫోను ఇచ్చి నేర్పాడు. పదిహేడేళ్ళ లోపు వారికి తగదనిపించిన ఆట ఒకటి వాడి ఫోనులో కనబడితే ఇద్దరం మాట్లాడుకుని తీసేశాం. రెండోది ఉంచాం. అందులో నేను నిమిషం తిరక్కుండానే తుపాకి దెబ్బ తిన్నాను. "తాతయ్యా, మీరు పోయారు" అని వాడు పకపకా నవ్వాడు. "అప్పుడే కాదురా, లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చి ఇంకా నెల కాలేదు" అన్నాను.

సభ్య మిత్రులారా, నిషేధం కోరే తీర్మానం వ్రాయలేనని కార్యదర్శి గారికి చెప్పాను. దానికి బదులుగా మన ఇళ్ళలో మనమే అమలు చేసుకోదగ్గ నాలుగు పనులు సూచిస్తున్నాను. మనవలకు ఆట కొనేముందు, ఫోనులో ఎక్కించేముందు అది ఏ వయసువారికో చూడండి. మన పెన్షన్ ఖాతా, దాని రహస్య సంఖ్య పిల్లల చేతికి ఇవ్వకండి. రాత్రి పడుకునే వేళ ఫోనులన్నీ, మనవి కూడా, హాలులో ఒకచోట పెట్టండి. వారానికి ఒక్కసారైనా పక్కన కూర్చుని వాళ్ళు ఆడేది చూడండి.

వీటన్నిటికంటే ముందు మరొకటి. పిల్లవాడు తప్పు చేశాడని తెలిసిన రోజున, ఏ ఆట ఆడావని కాకుండా, ఏం జరిగిందని అడగండి. అడిగి, వాడు ఎంతసేపు తీసుకున్నా చెప్పేదాకా ఆగండి. పదవీ విరమణ చేసినవాళ్ళం, మన దగ్గర ఉన్నదే కాలం.